వాక్యమూ వార్తా ఒకే పీఠం మీద

(పునీత ఆస్కార్ రొమేరో వర్ధంతి రోజున చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మార్చి 24ను ఐక్యరాజ్యసమితి 2010లో ఒక అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. ఘోరమైన హక్కుల ఉల్లంఘనలకు బలైనవారికి ఏం జరిగిందో నిజం తెలుసుకునే హక్కును, ఆ బాధితుల గౌరవాన్ని గుర్తుచేసే రోజు ఇది. ఆ రోజు కోసం శాన్ సాల్వడోర్ అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరో 1980లో హత్యకు గురైన తేదీని ఎంచుకున్నారు. రొమేరో అనగానే మనకు పీఠం దగ్గర ఆయన గుండెకు తగిలిన తూటా గుర్తొస్తుంది. గుర్తు రావలసిందే. అయితే నిజానికీ ఆయనకూ ముడి పడింది ఆ ఒక్క సాయంత్రం కాదు. అంతకు ముందు మూడేళ్ళపాటు, ఆదివారం వెంట ఆదివారం, ఆయన చేసిన ప్రసంగాల్లో ఆ ముడి పడింది. నేను ఆ ఆదివారాల గురించి, వాటి ముందటి శనివారం రాత్రుల గురించి మాట్లాడతాను.

ఆయన దేశం ఎల్ సాల్వడోర్, మధ్య అమెరికాలో అన్నిటికన్నా చిన్నది. విస్తీర్ణం దాదాపు 21 వేల చదరపు కిలోమీటర్లు. కాఫీ తోటలు, చెరకు పొలాలు, పత్తి. మంచి భూమంతా కొద్ది కుటుంబాల చేతిలో ఉండేది. ‘పద్నాలుగు కుటుంబాలు’ అని జనం అనేవారు. 1932లో రైతుకూలీలు తిరగబడితే సైన్యం వేలమందిని చంపింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి దేశాన్ని సైనికాధికారులే ఏలారు. కూలి పెంచమన్నవాడు, సంఘం పెట్టుకుందామన్నవాడు, బైబిలు పట్టుకుని నలుగురిని కూర్చోబెట్టినవాడు కూడా తిరుగుబాటుదారుగానే లెక్క.

రొమేరో 1917 ఆగస్టు 15న సియుదాద్ బారియోస్ అనే కొండ ఊళ్ళో పుట్టారు. తండ్రి తంతి తపాలా పని చూసేవారు. చిన్నప్పుడు కొన్నాళ్ళు వడ్రంగం నేర్చుకున్నారు. రోములో చదివి 1942లో అక్కడే గురుపట్టం పొందారు. తిరిగొచ్చి శాన్ మిగెల్ పట్టణంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశారు. అక్కడ పత్రిక నడిపారు, రేడియోలో ప్రసంగాలు చెప్పారు. మాటను దూరంగా ఉన్నవారికి చేర్చడం ఎలాగో ఆయనకు అప్పటినుంచే తెలుసు. కానీ అప్పటి ప్రసంగాల్లో భక్తి ఉంది, నీతి ఉంది, ప్రభుత్వాన్ని వేలెత్తి చూపడం లేదు. 1975 జూన్‌లో త్రెస్ కాయెస్ అనే పల్లెలో నేషనల్ గార్డ్ దళం రైతుకూలీలను ఇళ్ళ నుంచి లాగి చంపింది. ఆ ప్రాంతం, అప్పటికి పీఠాధిపతి అయిన ఆయన మేత్రాసనంలోనిది. ఆయన ఆ ఇళ్ళకు వెళ్ళారు, ఓదార్చారు. తర్వాత దేశాధ్యక్షుడికి ఒక ఉత్తరం రాశారు. అది వ్యక్తిగతమైన ఉత్తరం, లోకానికి చూపించింది కాదు. దానివల్ల ఎవరికీ శిక్ష పడలేదు.

ఈ ఉత్తరాన్ని నేను ముఖ్యమైన విషయంగా భావిస్తాను. నిజం ఆయనకు తెలుసు. తెలిసిన నిజాన్ని మూసిన కవరులో పెట్టి పెద్దవాళ్ళకు పంపితే చాలుననుకున్నారు. మంచివాళ్ళు చాలామంది ఇలాగే అనుకుంటారు. 1977 ఫిబ్రవరిలో ఆయనను రాజధాని అగ్రపీఠాధిపతిగా నియమించినప్పుడు తోటల యజమానులు సంతోషించడానికి, పేదల మధ్య పనిచేస్తున్న గురువులు దిగులుపడడానికి కారణం ఇదే.

ఆయన బాధ్యతలు చేపట్టి మూడు వారాలు గడిచాయో లేదో, మార్చి 12 సాయంత్రం, ఆగిలారెస్ విచారణ (పారిష్) గురువు రుతీలియో గ్రాందేను దారి కాచి కాల్చేశారు. ఆయన యేసుసభ గురువు, రొమేరోకు ఆప్తమిత్రుడు. పునీత జోజప్ప పండుగ రోజుల పూజ కోసం ఎల్ పైస్నాల్ ఊరికి వెళ్తున్నారు. బండిలో ఉన్న ముసలాయన మనువెల్ సొలోర్సానో, కుర్రవాడు నెల్సన్ లెమూస్ కూడా చనిపోయారు. రొమేరో రాత్రికి రాత్రే అక్కడికి వెళ్ళారు. ఆ హత్యలపై దర్యాప్తు జరిపించేదాకా ప్రభుత్వ ఉత్సవాలు దేనికీ రానని ప్రకటించారు. దర్యాప్తు జరగలేదు, ఆయన వెళ్ళలేదు. ఆ జూలైలో కొత్త అధ్యక్షుడు ప్రమాణస్వీకారం చేసినప్పుడు కూడా వెళ్ళలేదు.

తర్వాతి ఆదివారం, మార్చి 20న, అగ్రపీఠంలోని అన్ని గుళ్ళలో పూజలు ఆపించి, అందరినీ రాజధానిలోని ఒకే ఒక్క పూజకు రమ్మన్నారు. పోపు ప్రతినిధి వద్దన్నారు. అయినా లక్ష మందిదాకా వచ్చారని లెక్క. ఏళ్ళ తరబడి గుడి గడప తొక్కనివారు కూడా వచ్చారు. రొమేరో ఆదివారాలు అక్కడ మొదలయ్యాయి.

ఆ ప్రసంగం ఎలా తయారయ్యేదో చెబుతాను. నా దృష్టిలో ఆయన ధైర్యం కంటే దీన్నే మనం ఎక్కువగా చదవాలి. అగ్రపీఠానికి న్యాయ సహాయ కార్యాలయం ఒకటి ఉండేది. కొడుకు కనబడని తల్లులు, భర్తను పట్టుకుపోయిన భార్యలు అక్కడికొచ్చి చెప్పుకునేవారు. లాయర్లు, లా విద్యార్థులు పేరు, ఊరు, తేదీ, ఎవరు పట్టుకెళ్ళారు, ఎవరు చూశారు అని అడిగి రాసుకునేవారు. ఆ వారం కాగితాలన్నీ రొమేరో దగ్గరకొచ్చేవి. సలహాదారులతో కూర్చుని ఏది రూఢి, ఏది వదంతి అని చర్చించేవారు. ఆయన అగ్రపీఠాధిపతి భవనంలో ఉండేవారు కాదు. దివ్య సంరక్షణ పేరుతో సిస్టర్లు నడిపే క్యాన్సర్ ఆసుపత్రి ఆవరణలో ఓ చిన్న ఇంట్లో ఉండేవారు. శనివారం రాత్రి ఆ ఇంట్లో ఒక పక్క మరుసటి రోజు పఠనాలు, వాటి వ్యాఖ్యానాలు, మరో పక్క ఆ కాగితాలు పెట్టుకుని, ప్రార్థన చేసుకుంటూ, తెల్లవారుజాము దాకా మేలుకునేవారని దగ్గరివాళ్ళు సాక్ష్యం చెప్పారు.

ఉదయం ఎనిమిదింటికి పూజ. కట్టడం పూర్తికాని పెద్ద దేవాలయం నిండా జనం. ప్రసంగం గంటన్నర సాగేది. ముందు ఆనాటి మూడు పఠనాల మీద వివరణ, దాన్ని ఆయన మూడు అంశాలుగా విడదీసి చెప్పేవారు. తర్వాత సంఘ విశేషాలు: ఏ ఊళ్ళో పండుగ జరిగింది, ఎక్కడ భద్రమైన అభ్యంగనం ఇచ్చారు, ఏ సిస్టర్ల మఠానికి వార్షికోత్సవం, ఎవరు ఉత్తరం రాశారు. ఆ తర్వాత ‘ఈ వారం జరిగినవి’. ఫలానా రోజు, ఫలానా పల్లెలో, ఫలానా వయసు మనిషిని, యూనిఫాంలో వచ్చిన ఇంతమంది పట్టుకెళ్ళారు. ఇంకా ఇంటికి రాలేదు. ఇలా ఒక్కొక్కటే చదివేవారు. చనిపోయిన సిపాయిలను, పోలీసులను కూడా వదిలేవారు కాదు, వాళ్ళూ పేదరైతుల బిడ్డలేనని.

అగ్రపీఠం రేడియో వై.ఎస్.ఎ.ఎక్స్. ఈ పూజను ప్రసారం చేసేది. అప్పటి శ్రోతల సర్వేలో పల్లెల్లో 73 శాతం, పట్టణాల్లో 47 శాతం మంది వినేవారని తేలింది. రాజధానిలోని పెద్ద పత్రికలు రాయని వార్త జనానికి ఈ ఒక్క చోటే దొరికేది. ఆ స్టేషన్ మీద మళ్ళీ మళ్ళీ బాంబులు వేశారు. 1980 ఫిబ్రవరిలో పేల్చేసినప్పుడు కోస్టారికాలోని ఒక షార్ట్‌వేవ్ స్టేషన్ ఆ ప్రసంగాలను అందుకుని పంపింది.

పూజలో వార్తలు చదవడమేమిటి, ఇది రాజకీయం కాదా అని అప్పుడే అడిగారు. ప్రభుత్వం అడిగింది, సంపన్నులు అడిగారు, తోటి పీఠాధిపతుల్లో ఎక్కువమంది అడిగారు. పీఠాధిపతుల్లో ఆయన పక్షాన గట్టిగా నిలిచింది దాదాపు రివేరా ఇ దామాస్ ఒక్కరే. ఇవాళ మన మధ్య కూడా ఆ ప్రశ్న ఉంది కాబట్టి దీనికి నా జవాబు చెబుతాను.

రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1969లో వచ్చిన పఠనాల గ్రంథం ప్రకారం, ఆదివారం ఏ భాగం చదవాలో మూడేళ్ళ చక్రంలో ముందే నిర్ణయమై ఉంటుంది. శాన్ సాల్వడోర్‌లోనైనా, ఫిరంగిపురంలోనైనా, సికింద్రాబాదులోనైనా ఆ రోజు అదే సువార్త. విచారణ గురువు తనకు నచ్చిన వాక్యం ఏరుకోలేడు. అలాగే ఆ వారం ఎవరిని చంపారన్నదీ రొమేరో ఏరుకున్నది కాదు. చంపినవాళ్ళు నిర్ణయించారు. వాక్యం ఒక వైపు నుంచి వచ్చింది, వార్త మరో వైపు నుంచి వచ్చింది, రెండూ ఆదివారం ఉదయం ఆ పీఠం మీద కలిశాయి. ఆయన వాటి మధ్య నిలబడి ఏదీ దాచకుండా చదివారు. రాజకీయ నాయకుడు తన వాదనకు సరిపోయే సంఘటనను వెతుక్కుంటాడు. రొమేరోకు ఆ వెసులుబాటే లేదు. నా దృష్టిలో తేడా ఇక్కడే ఉంది.

1977 మార్చి 20 తపస్సుకాలంలో నాలుగో ఆదివారం. ఆ చక్రంలో అది మూడో ఏడు. 1980 మార్చి 23 తపస్సుకాలంలో ఐదో ఆదివారం, మళ్ళీ మూడో ఏడే. అంటే సంఘం ఇచ్చిన పఠనాల చక్రాన్ని ఆయన అగ్రపీఠాధిపతిగా సరిగ్గా ఒకసారి పూర్తి చేశారు. ఏ ఆదివారం ఏ వాక్యం ఏ వార్త పక్కన పడిందో చూసుకుంటూ ఆ సంపుటాలు చదవాలి. టేపుల నుంచి ఎత్తి రాసిన ఆ ప్రసంగాలు ఆరు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఒక విడి వాక్యాన్ని కాలెండరు మీద వేసుకుంటే ఆయన మనకు సగమే దొరుకుతారు.

ఒక సంఘటన చెబుతాను. 1978 ఏప్రిల్ 30న ఆయన న్యాయస్థానాల తీరు గురించి మాట్లాడారు. ఖైదీల తరఫున వచ్చిన లాయర్లను లోపలికి రానివ్వడం లేదని, న్యాయం అమ్ముడుపోతోందని అన్నారు. సుప్రీంకోర్టు ఊరుకోలేదు. అమ్ముడుపోయిన జడ్జీలెవరో పేర్లు చెప్పమని బహిరంగంగా ఉత్తరం రాసింది. అది ఉచ్చు. పేర్లు చెబితే పరువునష్టం కేసు, చెప్పకపోతే అబద్ధాలకోరు. మే 14, పెంతెకోస్తు ఆదివారం, కోర్టు ఉత్తరం ప్రస్తావన తెచ్చి ఆయన జవాబిచ్చారు. ఒకరిద్దరు వ్యక్తుల పేర్ల జోలికి పోలేదు. రాజ్యాంగం ఇచ్చిన ఏ హక్కులను కాపాడవలసిన బాధ్యత ఆ కోర్టుకుందో, ఏ హక్కును ఎలా వదిలేసిందో వరసగా చెప్పారు. హెబియస్ కార్పస్ పిటిషన్లు ఏమయ్యాయి? కనబడకుండా పోయినవారి తల్లులకు ఏం చెప్పారు? దేశం నుంచి వెళ్ళగొట్టినవారి సంగతేమిటి? సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె హక్కు ఎక్కడ? జనం చప్పట్లు కొట్టారు. కోర్టు మళ్ళీ మాట్లాడలేదు. ఆవేశంతో ఇలాంటి జవాబు రాదు. శనివారం రాత్రులు కాగితాలతో కూర్చున్నవాడికే వస్తుంది.

ఆయన ఒక పక్షానికే దెబ్బ వేశారనడం కూడా నిజం కాదు. 1977లో సాయుధ వామపక్ష దళం విదేశాంగమంత్రి బొర్గొనొవోను అపహరించి చంపినప్పుడు ఆ హత్యను ఖండించి, అంత్యక్రియల పూజ ఆయనే చేశారు. 1979 చివర్లో దక్షిణాఫ్రికా రాయబారిని ఎత్తుకుపోయినప్పుడు విడిచిపెట్టమని పీఠం మీద నుంచి అడిగారు. ప్రజాసంఘాలకు కూడా చెప్పారు: పేదవాడి సంఘం న్యాయమైనదే, కానీ అదే దేవుడు కాదని. అయితే రెండు వైపులా తప్పుంది అని తూకం వేసి చేతులు దులుపుకోలేదు. ఎక్కువ శవాలు ఎటు వైపు పడుతున్నాయో, తుపాకులు ఎవరిచేతిలో ఉన్నాయో దాచలేదు.

1980 ఫిబ్రవరి 17న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు రాసిన ఉత్తరాన్ని పంపే ముందు జనం ఎదుట చదివారు. మా సైన్యానికి ఆయుధ సహాయం చేయవద్దని ఆ ఉత్తరంలో అడిగారు. 1975లో మూసిన కవరులో ఉత్తరం పంపిన మనిషే ఇప్పుడు ప్రజల ముందు చదివి, వాళ్ళ చప్పట్లను సంతకంగా తీసుకుని పంపారు. ఐదేళ్ళలో జరిగిన మార్పంతా నాకు ఈ రెండు ఉత్తరాల మధ్య కనిపిస్తుంది. ఆ మరుసటి రోజే రేడియోను పేల్చారు.

మార్చి 23 ఆదివారం సువార్త యోహాను రాసినది, ఎనిమిదో అధ్యాయం. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్ళతో కొట్టి చంపాలని మనుషులు గుమిగూడిన ఘట్టం. రాయి విసరడానికి ధర్మశాస్త్రమే అనుమతి ఇచ్చిందని వాళ్ళ వాదన. యేసు ఆ చేతులను ఆపాడు. రొమేరో ఆ స్త్రీ గౌరవం గురించి, యేసు ఆమెను మనిషిగా చూసిన తీరు గురించి మొదట చెప్పారు. తర్వాత ఆ వారం చనిపోయినవారి జాబితా చదివారు. ఆఖరున సైన్యంలోని మామూలు సిపాయిలతో, గార్డులతో, పోలీసులతో నేరుగా మాట్లాడారు. మీరు చంపుతున్నది మీ సొంత రైతు సోదరులనే అన్నారు. దేవుని ఆజ్ఞకు విరుద్ధమైన హుకుంకు ఏ సిపాయీ లోబడనక్కరలేదన్నారు. దేవుని పేరిట బతిమాలి, చివరికి అణచివేత ఆపమని ఆజ్ఞాపించారు. ఆ సువార్త విన్న చెవితో వింటే ఆ పిలుపు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఆదేశం ఉంది కదా అని రాయి పట్టుకున్న చేతికి, ఆదేశం ఉంది కదా అని తుపాకి పట్టుకున్న చేతికి ఒకే మాట.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రి చాపెల్‌లో, ఒక పత్రికా సంపాదకుడి తల్లి సంవత్సరీక పూజలో, ప్రసంగం ముగించి కానుకల అర్పణకు సిద్ధమవుతుండగా ఒకే ఒక్క తూటాతో చంపారు. మార్చి 30, మ్రానికొమ్మల ఆదివారం, అంత్యక్రియల జనం మీద బాంబులు, కాల్పులు. తర్వాత పన్నెండేళ్ళ అంతర్యుద్ధంలో 75 వేల మంది చనిపోయారు. హత్యకు ఆజ్ఞ ఇచ్చింది మాజీ సైనికాధికారి రొబెర్తో దోబ్విసోన్ అని ఐక్యరాజ్యసమితి సత్యశోధక సంఘం 1993లో తేల్చింది. కొద్ది రోజులకే ఆ దేశ శాసనసభ అందరికీ క్షమాభిక్ష చట్టం చేసింది. ఎవరికీ శిక్ష పడలేదు. రోములో ఆయన దస్త్రం ఏళ్ళపాటు కదలలేదు. చివరికి పోపు ఫ్రాన్సిస్ 2018 అక్టోబరు 14న పునీతుడిగా ప్రకటించారు.

ఇక మన సంగతి. తెలుగు నేలలో కథోలిక విచారణల్లో కూర్చునేవారు ఎక్కువమంది దళితులు, చిన్నరైతులు, కూలీలు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో హతులైన దళితుల పేర్ల జాబితా చదివితే బైబిలు పేర్లు వినిపిస్తాయి. ఏ శాఖ క్రైస్తవులన్నది ఇక్కడ ప్రశ్న కాదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా బయట ఉంచింది. దానికి నిరసనగా ఏటా ఒక రోజు మన పీఠాధిపతులు పాటిస్తున్నారు. మంచిదే. కానీ కష్టం ఏడాదికొకసారి రాదు. అప్పు తీరక పురుగుమందు తాగిన కౌలురైతు, మ్యాన్‌హోల్లో దిగి ఊపిరాడక పోయిన పారిశుధ్య కార్మికుడు, గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చిన కొడుకు, వీళ్ళంతా ఏదో ఒక వారంలో పోయినవాళ్ళే. ఆ ఆదివారం గుళ్ళో విశ్వాసుల ప్రార్థనల్లో మనం లోకశాంతి కోసం, పాలకుల కోసం, బాధల్లో ఉన్నవారందరి కోసం ప్రార్థిస్తాం. పేరు మాత్రం రాదు. పేరు లేని ప్రార్థన ఎవరినీ నొప్పించదు, ఎవరినీ ఓదార్చదు కూడా.

మనది సైనిక పాలన కాదు. మన గురువులు ప్రాణాలకు తెగించాలని నేను అడగడం లేదు. రొమేరో పని అంతకంటే చిన్నది, అంతకంటే కష్టమైనది. వారం వారం అడిగి తెలుసుకోవడం, రూఢి చేసుకోవడం, వాక్యం పక్కన పెట్టి చూడటం, చదవడం. గంటన్నర ప్రసంగం అక్కరలేదు. వార్త సువార్తను మింగేయకూడదు కూడా; ఆయన ప్రసంగంలో జాబితా ఎప్పుడూ చివరే వచ్చేది, లేఖనం ఎప్పుడూ మొదటే. టీవీ చర్చలో విన్నది తెచ్చి పీఠం మీద పెడితే అది ఇంకో చర్చే అవుతుంది. సెమినరీల్లో ప్రసంగకళ నేర్పే గురువులకు నా విన్నపం: ఉపమానాలు, ఉచ్చారణ నేర్పండి, వాటితోపాటు ఒక తల్లి చెప్పింది తప్పులేకుండా రాసుకోవడమూ, దాన్ని నిర్ధారించుకోవడమూ నేర్పండి.

గుళ్ళో కూర్చునే మనకూ పని ఉంది. రొమేరో చదివిన కాగితాలు ఆకాశం నుంచి రాలేదు. నడిచొచ్చిన తల్లులు చెబితే, కూర్చుని విన్న కుర్ర లాయర్లు రాశారు. ఫాదరుగారు అడిగేదాకా ఆగకండి. మీ పేటలో, మీ ఊళ్ళో ఈ వారం ఎవరికి అన్యాయం జరిగిందో కనుక్కుని, శనివారం సాయంత్రంలోగా రాసి వారి చేతికివ్వండి. పేరు, వయసు, ఊరు, తేదీ తప్పులేకుండా రాయండి.